‘నే’ అంటే కాదు

వైద్యవిద్యలో భాగంగా కొన్నాళ్లకని ప్రాగ్ వచ్చిన గ్రీకు అమ్మాయి, ఆసుపత్రి నుంచి రాగానే సంచిని మంచం మీదికి విసిరికొట్టింది. ఇంటావిడ గుమ్మంలోకి వచ్చింది.

“ఈ ఊరూ వద్దు, ఈ చదువూ వద్దు పెద్దమ్మా! వెళ్లిపోతా.”

“ఏమైందే?”

“వార్డులో ముసలాయన ‘రేపు ఇంటికేనా?’ అన్నాడు. నవ్వుతూ జవాబు చెప్పా. గోడవైపు తిరిగి ఏడ్చాడు!”

“ఏమన్నావు?”

“‘నే’ అన్నా.”

“పిచ్చిదానా, మా చెక్ భాషలో ‘నే’ అంటే ‘కాదు’ కదే!”

“అయ్యో! మా భాషలో అది ‘అవును’. కంగారులో అదే వచ్చేసింది.”

“నిజంగా పంపిస్తున్నారా ఆయన్ని?”

“రేపు పొద్దున్నే.”

“మరి కోటు విప్పుతావేం? ఇక్కడ అవునంటే ‘ఆనో’. ఆసుపత్రికి పద, నేనూ వస్తా.”

“ఆనో, ఆనో” అని తనని తాను తిట్టుకుంటున్నట్టే అనుకుంటూ ఆ అమ్మాయి ట్రాము ఎక్కింది.