రెండు చుట్లు తిప్పిన చేయి

పాత పందెపుకారు ఇంజనుకు తిరిగి ప్రాణం పోయవలసిన ఆ ఉదయాన, మన వర్క్‌షాపు రెండో షెడ్డులో ఉన్నవారు వరుసక్రమంలో వీరు: నడిమి కుర్చీలో కారు యజమాని, ఇప్పుడు చూపు పూర్తిగా పోయిన ఒకనాటి పందెపు డ్రైవరు గారు, వారి కుడివైపు వారి చెల్లెలు, ఎడమవైపు మన ప్రొప్రైటరు గారు, వెనుక మేనేజరు, తలుపు దగ్గర తక్కిన సిబ్బంది. ఇంజను పక్కన, ఎవరివైపూ చూడకుండా చేతులు తుడుచుకుంటున్నవారు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన హెడ్ మెకానిక్ గారు.

1987 జూన్ 15న వారు హెల్పరుగా ఈ సంస్థలో చేరారు. మూడేళ్లు విడిభాగాలు కడగడమే పని. 1994లో మెకానిక్‌గా, 2006లో హెడ్ మెకానిక్‌గా పదోన్నతి పొందిన వారికి ఒక నియమం మాత్రం మొదటినుంచీ మారలేదు: విప్పి బిగించిన ఏ ఇంజనునైనా పిడి తగిలించి చేత్తో రెండు చుట్లు తిప్పనిదే స్టార్టరు ముట్టేవారు కారు. ప్రతి సిలిండరూ ఒక్కొక్కసారి ఊపిరి బిగపట్టాలంటే రెండు చుట్లు కావాలి. ఆ బిగింపు వారి అరచేతికి తెలిసేది. ఎందుకింత చాదస్తమని అడిగితే, "నాడి చూడకుండా మందు పోస్తామా?" అనేవారు. "ఇంట్లో మిక్సీ బ్లేడు కూడా తిప్పి చూడందే స్విచ్చి వెయ్యరండీ" అని వారి శ్రీమతి గారు నిట్టూర్చడం మనమందరం విన్నదే.

ఆరు సిలిండర్ల ఆ పందెపు ఇంజను మన షెడ్డుకు వచ్చింది 2018లో. నలభై ఏళ్లు టార్పాలిన్ కింద పడివుండి, పిస్టన్లు గోడలకు కరుచుకుపోయాయి. అప్పగించేటప్పుడు డ్రైవరు గారు కోరింది ఒక్కటే: "దాన్ని ఎలాగూ చూడలేనయ్యా. వినిపించు, చాలు."

పద్నాలుగు నెలలు మన హెడ్ మెకానిక్, మేస్త్రీ గారు ఆ పని చేశారు. కరుచుకున్న పిస్టన్లను రోజుల తరబడి నూనెలో నాననిచ్చి, ఒక్క గీత పడకుండా వదిలించారు. వాల్వుల విషయంలో మాత్రం ఉన్నవి కాపాడుకోవడమే. ఆ రకం వాల్వులు తయారవడం మానేసి దశాబ్దాలైంది. ఒక్కటి కాలినా ఆ గొంతు ఇక వినబడదు.

ఆ ఉదయానికి ముందురోజు ఒక సీలు దగ్గర ఆయిలు కారడంతో పై భాగాలు మళ్లీ విప్పవలసి వచ్చింది. వాల్వుల మీద కూర్చునే పన్నెండు ఉక్కు బిళ్లలను వారు తెల్లగుడ్డ మీద వరుసగా పేర్చారు. చూపుకు అన్నీ ఒక్కటే. మందంలో వెంట్రుకవాసి తేడా; మందమైనది పడితే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఏది ఏ వాల్వుదో చెప్పేది ఆ వరుస ఒక్కటే. సాయంత్రానికి బిగించారు, పొద్దుటి వెలుతురులో సందులు కొలిచి చూద్దామనుకున్నారు. ఇంతలో మేనేజరు కార్యక్రమాన్ని రెండు గంటలు ముందుకు జరిపారు.

"కానివ్వండి మేస్త్రీ గారూ, ప్రొప్రైటరు గారికి వేరే పని ఉంది."

"రెండు చుట్లు, సార్."

మొదటి చుట్టు నిండుగా తిరిగింది. రెండో చుట్టులో, నాలుగో సిలిండరు ఎదురు తన్నవలసిన చోట, చెయ్యి వెన్నలో కత్తిలా జారిపోయింది. వారు పిడి కింద పెట్టేశారు.

"ఇవాళ కాదండీ. నాలుగో దాంట్లో వాల్వు మూసుకోవట్లేదు. బిళ్లలు తారుమారైనట్టున్నాయి. ఇప్పుడు స్టార్ట్ చేస్తే కాలిపోతుంది. తప్పు నాదే."

"ముప్పై ఏళ్ల అనుభవం పెట్టుకుని ఇదా పని?" అన్నారు ప్రొప్రైటరు గారు, అందరి ముందూ.

"ఆయన్నేమీ అనకండి" అన్నారు డ్రైవరు గారు. "నలభై ఏళ్లు ఆగినవాణ్ణి, ఇంకో రెండ్రోజులు ఆగితే అరిగిపోతానా?"

"మోకాళ్లు ఎప్పుడో అరిగాయిలే అన్నయ్యా" అన్నారు చెల్లెలు. షెడ్డంతా నవ్వింది, మన మేస్త్రీ గారు తప్ప.

ప్రొప్రైటరు గారి ఆదేశంపై ఆనాడే వారి సర్వీసు పుస్తకంలో 'అజాగ్రత్త' అన్న మాట నమోదైంది. రాసినవారు మేనేజరు.

మూడో రోజున, మళ్లీ రెండు చుట్ల తరువాత, ఆ ఇంజను పలికింది. డ్రైవరు గారి ఎడమచెయ్యి కుర్చీ పక్కన గాలిలోనే గేరు మార్చింది.

ఇంతకాలం చెప్పనిది ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. ఆ మేనేజరు ఈ వ్యాసకర్తే. ఫొటోలకు బల్ల శుభ్రంగా కనబడాలని, ముందురోజు మేస్త్రీ గారు భోజనానికి వెళ్లినప్పుడు, ఆ బిళ్లలను తీసి తుడిచి, గుడ్డను బల్ల అంచుకు అంచు సరిచేసి, తిరిగి పేర్చినవాడు ఈ వ్యాసకర్త. ఇంజను పలికిన నాటి సాయంత్రం ఆ సంగతి చెప్పబోతే వారు మధ్యలోనే ఆపారు.

"తెలుసు సార్. గుడ్డ బల్ల అంచుకు సరిగ్గా పరిచి ఉండడం తరువాత గమనించాక అనుమానమొచ్చింది. మన షెడ్డులో అంచుకు అంచు కలిపేది మీరొక్కరే."

"మరి నలుగురిలో మాట పడ్డారేం?"

"కొలవకుండా మూత బిగించింది నేనే కదా సార్. మీది సర్దుడు, నాది పని. వెళ్లండి, టీ చల్లారిపోతుంది."

ఆ మాటతో సమాధానపడి మౌనంగా ఉండిపోవడం ఈ వ్యాసకర్త చేసిన రెండో తప్పు. ముప్పైయేడేళ్ల సేవలో వారికి అంటిన ఏకైక మచ్చ అది. దానిని కొట్టివేయవలసిందిగా ప్రొప్రైటరు గారికి ఈ ఉదయమే సంతకం చేసి లేఖ అందజేయడమైనది.

వారు సతీసమేతంగా నిండు ఆయురారోగ్యాలతో, ఏ తొందరా లేని ఉదయాలతో చిరకాలం వర్ధిల్లుదురు గాక. చూపులేని ఒక పెద్దమనిషికి తన కారు గొంతును తిరిగి వినిపించినది, అందరూ త్వరపెడుతున్నవేళ పిడి కింద పెట్టి 'ఇవాళ కాదు' అన్న వారి చేయి అని, అందుకై పడిన నింద వారిది కాదని, వారి కుటుంబ సభ్యుల సమక్షంలో, సహోద్యోగులందరి ఎదుట, ఇందుమూలముగా కృతజ్ఞతాపూర్వకంగా అంగీకరించడమైనది.