‘బొగ్గునేల మొక్కలు’ నాలుగో సంచిక

గోదావరిఖనిలో ఒక ప్రింటింగు ప్రెస్సు ముందు బల్ల. ‘బొగ్గునేల మొక్కలు’ పత్రిక మూడు నెలలకొకసారి వేసే రిటైర్డు బాటనీ లెక్చరర్ సదయ్య సారుకు ఇవాళ కాళ్లు నేల మీద నిలవడం లేదు. గనిమట్టి గుట్ట దగ్గర కాపలా కాసే పోశానికి కూర్చోబుద్ధి కావడం లేదు.

“మిషినెక్కినంక ఆపుడేంది పోశం?”

“ఒక్క దినం సార్. జర ఆ వాక్యం...”

“ఏ వాక్యం?”

“గదే, గుట్ట మీది మొక్క నీటిచుక్క లేకుంట ఎండకాలమంత బతికిందని.”

“అసలు సంగతే గది గదా. మూడు సంచికలు దాని మీదనే నడిపిన. ఈ నాలుగోది చూసినంకనే యూనివర్సిటోళ్లు గుర్తింపిస్తరు. ఇయ్యకపోతే పత్రిక బందువెట్టుడే. ఇంతకు ఏమైంది?”

“ఏం కాలే. చాయ్ తాగుతరా సార్?”

“పోశం.”

“నేను నీళ్లు పోసిన సార్.”

“ఎన్నడు?”

“రోజు. డ్యూటీ దిగేటప్పుడు, బాటిల్ల మిగిలినయి.”

“ఎందుకు పోసినవ్?”

“ఐతారం వస్తే ఆ మోకాళ్లతోని గుట్టెక్కుతరు. మొక్క ఎండిపోతే మీ మొకం చూసుడు నాతోని కాదు.”

“నా ఏడాది కష్టం మట్టిపాలు చేస్తివి.”

“మొక్కకు కావలి అని పోయిన సంచికల ఏసిన నా పేరు తీసేస్తరా సార్? మా ఇంటామె ఆ పేజీకి పటం కట్టించింది.”

“జరాగు. రోజుకెన్ని నీళ్లు?”

“అర బాటిల్.”

“గంతేనా? గసొంటి ఎండల, గా రాళ్లమట్టిల, అర బాటిల్‌తోని బతికిందా? ఇది ఇంకా పెద్ద సంగతి. వాక్యం మారుస్త. నీ పేరు నా పేరు పక్కన్నే ఏస్త.”

“వద్దు సార్.”

“ఎందుకొద్దు? రెండో సంచికల రాసిన గదా, హోళీ దాటంగనే మొక్క జానెడు పొట్టిగైందని. ఎండకు తట్టుకునేటందుకు తనంతట తనే ముడుసుకున్నది.”

“ముడుసుకోలే సార్. పాతది ఎండిపాయె. అది వేరే మొక్క.”

“వేరేదా? ఈ గనుల చుట్టుముట్టు గసొంటిది ఒక్కటే ఉన్నదని రాసిన గదా. ఇంకోటి నీకేడ దొరికింది?”

“కోపం చెయ్యకున్రి.”

“జల్ది చెప్పు, ఇప్పుడే పోదాం. ఇంటెన్క గడ్డి పీకమని మా ఇంటామె జమున ఏడాది సంది పానం తీస్తున్నది. ఇయ్యాల పీకుతనని ఒప్పుకున్న, అది రేపు చూసుకుంట. నడువు, ఎటు పోవాలె?”

“మీ ఇంటికే సార్. జమునమ్మ పీకమంటున్న గడ్డి అదే.”