ఎనిమిది వందల ముప్ఫై గజాలు

లేవండి పోల్మన్ గారూ. కూర్చున్నది చాలు. ఆ బండ మీ అత్తగారిల్లేం కాదు, జారగిలబడి కూర్చోడానికి!

కాళ్లు లాగుతున్నాయా? లాగనివ్వండి. మీకు రెండు కాళ్లూ బాగానే ఉన్నాయిగా. ఆ జింకకి వెనకకాలు తొడ దగ్గర విరిగి వేలాడుతోంది. అయినా మనకంటే ముందే పోతోంది.

ఇదిగో, ఇటు రండి. ఈ ఆకు మీద చూడండి. మంచు అనుకున్నారా? నెత్తురండీ. వేలు పెట్టి చూడండి, ఇంకా ఆరలేదు. ఏం, భయమా? పొద్దున్న ట్రిగ్గరు నొక్కినప్పుడు లేని భయం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?

ఆఁ, అదే. ఎముక ముక్క. తెల్లగా, గోరంత. తీసి జేబులో వేసుకోండి. ఇంటికెళ్లాక స్నేహితులకి చూపిద్దురుగాని.

ఏవన్నారు? ఎనిమిది వందల ముప్ఫై గజాల నుంచి కొట్టానంటారా? తెలుసండీ బాబూ. పొద్దుట్నించి పదిసార్లు చెప్పారు. గజాలు లెక్కపెట్టుకునేవాడు బట్టల కొట్లో ఉంటాడు. కొండ మీదకెందుకు రావడం?

నేను ఈ వయోమింగ్ కొండల్లోనే పుట్టాను. ముప్ఫై నాలుగేళ్లుగా మీలాంటి వాళ్లని వెంటేసుకుని తిరుగుతున్నాను. మిమ్మల్ని రప్పించిన వేట శిబిరం యజమాని ఉన్నాడే, థేన్, వాడు నా తమ్ముడి కొడుకు. "అత్తా, ఆయన పెద్ద గురికాడట, వంకర కొమ్ము జింక ఉండే లోయకే తీసుకెళ్లు" అన్నాడు. వద్దురా అన్నాను. వినలేదు.

మీరూ అంతేగా! మొన్న సాయంత్రం మంట దగ్గర కూర్చుని, చేతిలో కూర గిన్నె చల్లారిపోతోంటే, ఫోను తీసి మీ వేట వీడియో నా ముక్కు కింద పెట్టారు. "చూడు వర్లా, వెయ్యి గజాలు! జింకకి చప్పుడు కూడా వినపళ్లేదు." అందరూ ఆహా అన్నారు. నేను అనలేదు. అందుకు కోపం వచ్చిందేమో, "నువ్వింకా పొట్ట మీద పాకే కాలంలోనే ఉన్నావు" అన్నారు. నవ్వారు కూడా.

అవునండీ, పాకుతాను. పాకితే గడ్డి చెవిలో గుచ్చుకుంటుంది, మోచేతులు చీరుకుపోతాయి. కానీ వంద గజాల్లోకి వెళ్లేసరికి దాని మూతి మీద తడి కనిపిస్తుంది. అప్పుడు కొట్టాలా వద్దా అని మనసులో ఒక మాట అనుకుంటాం. మీరేం అనుకుంటారు? మీకు కనిపించేది తుపాకీ మీది స్కోపులో గీతలేగా!

జాగ్రత్త, ఆ రాయి కదులుతోంది. పడితే మిమ్మల్ని మొయ్యలేను.

పొద్దున్న లోయ అవతలి వాలులో దాన్ని ముందు చూసింది నేనే. ఎడమ కొమ్ము చెవి పక్కనుంచి కిందికి వంగి ఉంటుంది. నాలుగేళ్లుగా చూస్తున్నాను. మొదటిసారి చూసినప్పుడు ఇంకా బక్కగా, పొగరుగా ఉండేది. కిందటేడు మంచుకి సగం మంద చచ్చిపోయింది. ఇది మాత్రం ఏప్రిల్‌లో పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటికొచ్చి, వాగు పక్కన మొదటి పచ్చగడ్డి మేసింది. నేను బండి ఆపి చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు ఇంటికెళ్లి ఎవరితోనూ చెప్పలేదు.

మీకు చెవిలో చెప్పాను కదా, ఈ వాగులోకి దిగి ఆ పొదల చాటున పోతే రెండు గంటల్లో దగ్గరికెళతాం అని? "ఎందుకు వర్లా, ఇక్కణ్ణుంచే పడేస్తాగా" అన్నారు.

పడేశారు! అది కూలబడింది, లేచింది, కాలు గోతంలా ఊగింది. రెండోది కొట్టారు, మూడోది కొట్టారు. మన్ను లేచింది. అది చెట్లలోకి దూరిపోయింది. దగ్గరుంటే ఆ లేచిన క్షణంలోనే దాని బాధ తీరిపోయేది. మనం ఈ లోయ దిగి ఎక్కేసరికి గంటన్నర. గంటన్నరండీ! మీకు పన్ను నొప్పేస్తే గంటన్నర ఓర్చుకుంటారా?

ఉష్.

ఆగండి. కదలకండి. ఆ పడిపోయిన ఆస్పెన్ చెట్టు వెనక... చెవులు కనిపిస్తున్నాయా? ఇటే చూస్తోంది. ఇంక లేవలేదు.

తుపాకీ తియ్యండి. నేనా? కుదరదు. వేట పర్మిట్ మీ పేరున ఉంది, పని మీదే. ఆగండాగండి! ఆ స్కోపు మీది చక్రం వెనక్కి తిప్పి సున్నా దగ్గర పెట్టండి. పొద్దుటి దూరం మీదే వదిలేశారు. అరవై గజాల్లో అలా కొడితే గుండు దాని వీపు మీదుగా పోతుంది. ఆ, చాలు. తుపాకీ చెట్టుకి ఆనించండి. మెడ మొదట్లో. ఊపిరి వదలండి. కళ్లు మాత్రం మూయొద్దు, దాన్ని చూస్తూనే కొట్టండి.

...

అయింది. పదండి.

వెళ్లి చెయ్యి వెయ్యండి. వెచ్చగా ఉందా? ఉంటుంది మరి. ఏడుస్తున్నారా? ఏడవండి, ఎవరూ చూడరు. నేను ఈ కత్తి నూరుకుంటాను.

ఏవిటీ? తుపాకీ అమ్మేస్తారా? బాగానే ఉంది. మళ్లీ చెప్పండి, సరిగ్గా వినపళ్లేదు. థేన్‌కి ఏం చెబుతారూ? "వర్లా వద్దన్నా నేనే కొట్టాను, తప్పంతా నాదే" అంటారా?

వద్దు.

వద్దంటున్నానా! నోర్మూసుకోండి కాసేపు. మంచివాడిలా మాట్లాడకండి నాతో. నాకు మంటగా ఉంది.

పొద్దున్న మొదటిది కొట్టేముందు గాలి ఎంతుందని నన్ను అడిగారు. మీ చేతిలో గాలి మీటరు గంటకి పదకొండు మైళ్లు చూపిస్తోంది. "అది మనమున్న గట్టు మీద. లోయ నడుమ గాలి పడిపోయింది, స్కోపులో నాలుగుకే సరిపెట్టుకోండి" అన్నాను. మీరు ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. "నీ లోయ నీకు తెలుసు" అని నాలుగే పెట్టుకున్నారు.

గాలి పడిపోలేదు పోల్మన్ గారూ. లోయ పొడుగునా గడ్డి ఒరిగిపోయి కనిపిస్తూనే ఉంది. ఎడమ నుంచి కుడికి, పదకొండుకి ఏమాత్రం తక్కువ లేదు. జింక మొహం ఎడమవైపు. గుండు కుడికి కొట్టుకుపోయి దాని తోక వెనకాల మన్నులో పడుతుందనీ, అది చెంగున గట్టు దాటిపోతుందనీ, మీరు మొహం వేలాడేసుకుని శిబిరానికొస్తారనీ నా లెక్క. మంట దగ్గర ఫోను తియ్యకుండా ఒక్క రాత్రి కూర్చుంటే చూడాలనుకున్నాను. దాన్ని ఇంకో చలికాలం చూడాలనుకున్నాను. రెండూ.

మీరు నొక్కే క్షణానికి గాలి కాస్త తగ్గింది. నిజంగానే. నేనది చూశాను. ఆపమని నోరు తెరిచేలోగా పేలింది. గుండు నేననుకున్నంత పక్కకి పోలేదు. తొడలో తగిలింది.

మీ మీటరు మాట విన్నా ఇంత జరిగేది కాదు. గుండె పక్కనే తగిలి నిలబడ్డచోటే పోయేది. మీకు గురి చేతకాదని పొద్దుట్నించీ తిడుతున్నానే, మీకు చేతనవును. గురి తప్పించింది నేను. ఊరుకుంటే ఈ మాట బయటికొచ్చేస్తుందని తిడుతూనే నడిచాను.

క్షమించమని అడగను. మీరంటే నాకిప్పటికీ ఇష్టం లేదు. లోయ ఇటునుంచి అటు కొట్టడం రేపైనా నాకు నచ్చదు. కానీ మీరు నన్ను నమ్మి కొట్టారు. నేను దాని పేరు చెప్పుకుని మిమ్మల్ని మోసం చేశాను. ఆ దెబ్బ తిన్నది మాత్రం అది.

థేన్‌కి చెబుతారా, చెప్పండి. ఇంక నన్ను కొండెక్కనివ్వడు. ఎక్కనివ్వకూడదు కూడా.

అలా నిలబడి చూస్తారేం? తిట్టాలనుంటే తిట్టండి, చెవులు పనిచేస్తున్నాయి. ఎండ ఎక్కుతోంది, మాంసం పాడవుతుంది. రండి, నేను కోస్తాను, ఇటొచ్చి దాని కాలు పట్టుకోండి.

అది కాదండీ. రెండోది. విరగనిది.