యౌవనస్తుల కమిటీ

ఆదివారం ఆరాధన ముగియగానే సంఘపెద్ద నేరుగా మెకానిక్కు షెడ్డుకు వచ్చాడు. తన స్నేహితుడి కొడుకైన ఆ మెకానిక్కు బండి పక్కన కూర్చుని చెయిను బిగిస్తున్నాడు.

"చూడు, చేతినిండా మడ్డి! ఆదివారం పూట!"

"బండి ఆగిపోయినవాడికి ఆదివారమేంటి, సోమవారమేంటి బాబాయ్? కూర్చోండి. ఆ స్టూలు కాదు, దానికి గ్రీజుంది."

"కూర్చోడానికి రాలేదు. మీ కుర్రకారంతా చర్చి మానేసి సాయంత్రాలు ఇక్కడ చేరుతున్నారట. నిజమేనా?"

"చేరుతున్నాం."

"ఎవర్నడిగి?"

"షెడ్డు నాదే కదా."

"వెటకారాలొద్దు. మీకు సంఘం ఏం తక్కువ చేసిందిరా? గిటార్లు కొన్నాం. రంగురంగుల లైట్లు పెట్టాం. యౌవనస్తుల కమిటీ కూడా వేశాం!"

"అందులో ఎవరెవరున్నారు?"

"నేను, కోశాధికారి, రిటైరైన హెడ్మాస్టరుగారు."

"ముగ్గురికీ కలిపి పళ్ళెన్నున్నాయి బాబాయ్?"

"నోర్ముయ్! మీ నాన్నే బతికుంటే..."

"బతికుంటే ఆయనా కమిటీలోనే ఉండేవాడు."

"అసలు మీకేం కావాలిరా? మొన్న పాస్టరుగారు మీ గురించే ఎంత చక్కటి వాక్యం చెప్పారు..."

"సెల్‌ఫోన్ల గురించి. అంతకుముందు జుట్టు గురించి. మా అమ్మ చనిపోయిన వారం నేను చర్చికొచ్చాను, గుర్తుందా? గుమ్మంలోనే పట్టుకున్నారు మీరు."

"పరామర్శించాను."

"చెవికి ఆ పోగేంటని అడిగారు."

"అడిగితే? పెద్దవాణ్ణి, అడక్కూడదా?"

"కూడదన్నానా? ఏమడిగారో చెప్పానంతే."

"సరే, ఇక్కడ ప్రసంగం ఎవడు చేస్తాడు? నువ్వేనా?"

"ఎవరూ చెయ్యరు. ఎవడికి వారం కష్టంగా గడిచిందో వాడు మాట్లాడతాడు. మిగతావాళ్ళం వింటాం. తర్వాత వాడికోసం ప్రార్థన చేస్తాం."

"అబ్బో! పని చేతగాని వెధవలంతా ఒకచోట చేరి ఒకడి కన్నీళ్ళు ఇంకొకడు తుడవడం! దీన్ని ప్రార్థనంటార్రా?"

"బాబాయ్, కాస్త మెల్లగా."

"ఎందుకు మెల్లగా? మా అబ్బాయిని చూసి నేర్చుకోండి. కంపెనీవాళ్ళు ఏరికోరి వేరే ఊరికి ట్రైనింగుకి పంపించారు. రోజూ ఫోను చేస్తాడు. ఎప్పుడైనా ఇలా ఏడ్చాడా? వాడికి పౌరుషముంది."

"మీకు దణ్ణం పెడతాను, మెల్లగా అనండి."

"అనను! మావాడే మీలాంటి దద్దమ్మయ్యుంటే గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు. అదీ పెంపకమంటే!"

"ఇక ఆపండి బాబాయ్."

"ఏం, మాట గుచ్చుకుందా?"

"ఏం చెప్పమంటారు?"

"ఏముంది చెప్పడానికి! వాడెక్కడ, మీరెక్కడ! వాడి సంగతి నీకేం తెలుసని..."

"తెలుసు బాబాయ్. వాడి ఉద్యోగం పోయి నెల దాటింది. ట్రైనింగూ లేదు, ఏమీ లేదు. అప్పట్నించీ నా దగ్గరే పడుకుంటున్నాడు. ఇవాళ ఇంటికెళ్ళి మీతో చెప్పేస్తానన్నాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇక్కడే లోపలి గదిలో కూర్చున్నాడు. ఆ గదికి తలుపు లేదు."