మంచులో ఉన్నన్నాళ్లూ

క్వీన్స్‌లాండ్‌లో రోమా ఊరి అవతల ఒక పశువుల పొలం. వారం రోజులు ఐవీఎఫ్ క్లినిక్ ఉన్న టువూంబాలో చెల్లెలింట్లో ఉండి కెరిన్ అప్పుడే తిరిగొచ్చింది. ఆమె భర్త గ్లెన్ టీ పెడుతున్నాడు.

"రక్తపరీక్షలో తక్కువ వచ్చింది, పిండం పెట్టడం ఆపేశారు అని ఫోన్లో అన్నావంతే. ఎంత తక్కువ, కెరిన్?"

"మూడు."

"ప్రొజెస్టరాన్ మూడా! గర్భం నిలవాలంటే ముప్పై దాటాలన్నారుగా?"

"దాటాలి. అసలు సూదే పడని ఒంట్లో ఉన్నట్టుంది అంది నర్సమ్మ."

"ఆ మిషన్లనేం నమ్ముతాం. పాలు పొయ్యనా?"

"సూది ఎవరేస్తున్నారని అడిగింది. మా ఆయనేనమ్మా, ఈ చుట్టుపక్కల ఆవులన్నిటికీ పిండాలు పెట్టేది ఆయనే, చెయ్యి తిరిగిన మనిషి అని గొప్పలు పోయాను."

"నా ఆవుల్లోనూ కొన్నిటికి నంబరు లేవదు. అలాంటిదాన్ని ఆ నెలకి పక్కన పెట్టేస్తాం. అంతే."

"నేను ఆవునా?"

"అబ్బా, మాటవరసకి! పిండం ఎక్కడికి పోతుంది? క్లినిక్‌లో గడ్డకట్టే ఉందిగా. వచ్చే నెల చూద్దాం."

"వస్తూ వస్తూ నీ మందుల షెడ్డులోకెళ్లాను, గ్లెన్."

"ఎందుకూ?"

"ఫ్రిజ్‌లో, పశువుల టీకాల వెనకాల. నా సూదిమందు సీసాలు. ఒక్కదానికీ మూత తియ్యలేదు."

"అవి... అవి వేరే..."

"ఏం ఎక్కించావ్ నాకు?"

"టీ చల్లారిపోతుంది, కెరిన్."

"ఏం ఎక్కించావ్?"

"ఉప్పునీళ్లు. ఉత్త ఉప్పునీళ్లే. ఒట్టు, హాని లేదు."

"ఐదు రోజులు! నొప్పంటే పక్కన కూర్చుని కాపడం కూడా పెట్టావు కదయ్యా!"

"మొదటి రెండు పిండాలూ పోయాయి. రెండోసారి బాత్రూమ్ నేల కడిగింది నేను. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావ్. నాకింక చేతకాదు. ఉన్నది ఇదొక్కటే. మంచులో ఉన్నన్నాళ్లూ అది చావదు కదా?"

"పుట్టదు కూడా."

"తప్పే. ఒప్పుకుంటున్నా. వచ్చే నెల నిజం మందే వేస్తాను. నీ కళ్లముందే సీసా తీస్తాను."

"అక్కర్లేదు. వారంగా నర్సమ్మే వేస్తోంది. నిన్న ముప్పైనాలుగు."

"అంటే... మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"పిండాన్ని పొద్దున్నే పెట్టేశారు, గ్లెన్. నా పక్కన నీకేసిన కుర్చీలో మా చెల్లెలు కూర్చుంది."