ఏ చేతిలోనైనా నిలిచే తాళం

1991 జూన్ 17, సోమవారం ఉదయం గడివేముల బస్సు దిగి, నంద్యాలలోని మన పనిముట్ల కర్మాగారంలో సహాయక ఫిట్టరుగా పాదం మోపిన శ్రీ పసుపుల ఏలీయా గారు, ముప్పైనాలుగేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం, తాళాల విభాగపు ఫోర్‌మన్‌గా ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. రాజ్యాలు కోటతలుపుల గడియలను నమ్ముకొని నిలిచాయో కూలాయో చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయం. మన మడతకత్తులు మాత్రం ఏలీయా గారిని నమ్ముకొనే తెరుచుకొన్నవి, నిలిచినవి, మూసుకొన్నవి.

వారు చేరిన తొలినాళ్ళలో మడతకత్తికి స్ప్రింగే తప్ప తాళం లేదు. కాస్త ఒత్తిడి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకొని, పట్టుకొన్నవారి వేళ్ళపైనే వాలేది. దానికొక తాళం కనిపెట్టడమే ఏలీయా గారి జీవితాశయమైంది. తాళం బిగించినవాడే దానిని పరీక్షించాలన్నది మన విభాగపు ఆచారం: వేలు ఉండే చోట బెండకాయను ఉంచి, బ్లేడు వీపును చెక్కదిమ్మకు కొట్టాలి, కాయ తెగితే తాళం ఓడినట్లు. తెగిన కాయలను వారు సంచిలో ఇంటికి మోసుకుపోగా, సతీమణి శ్రీమతి లూదియా గారు సంచి బరువును బట్టే భర్తగారి సాంకేతిక ప్రగతిని అంచనా వేసేవారు.

“ఏందీ నాయనా, ఈ పొద్దు గూడ బెండకాయేనా? బిరీన ఆ లాకేందో కనుక్కో!” అని కుమార్తె చిరంజీవి దీవెన మొరపెట్టుకొన్న సంవత్సరాలు పెక్కు.

2016లో ఆ మొర ఫలించింది. తెరవగానే పిడిలోని సన్నని ఉక్కుపట్టీ జరిగి బ్లేడు వెనుక అడ్డునిలిచే తాళం సిద్ధమైంది; మూడు నెలలు ఒక్క కాయా తెగలేదు. మేనేజరు శ్రీ సుందరరాజు గారు ముచ్చటపడి పన్నెండువందల పిడులపై ‘ఏలీయా తాళం’ అని ముద్ర వేయించారు. సభ, పూలదండ, సరుకుతో లారీ ప్రయాణం అన్నీ ఒకే రోజున ఏర్పాటయ్యాయి. దానికి ముందురోజు మిత్రుడు మాబాషా గారితో కలిసి ఒక కత్తిని ఆళ్ళగడ్డ దగ్గరి అరటితోటకు తీసుకుపోతూ, బస్సులో ఏలీయా గారు తమ పేరును జేబులోంచి రెండుసార్లు తీసి చూసుకొన్నారట.

తోటలో ఆకులు కోసే వెంకటలక్ష్మమ్మ గారు కత్తిని ఎడమచేత పట్టారు.

“యాడ పెడతావో పెట్టప్పా నీ బెండకాయ,” అని బ్లేడు వీపును దిమ్మకు కొట్టారు. కాయ రెండు ముక్కలైంది.

ఎడమచేతి పట్టులో ఆమె వేళ్ళు సరిగ్గా ఆ పట్టీనే నొక్కి పక్కకు జరుపుతున్నాయి. విభాగంలో అందరూ కుడిచేతివారే. కనుక మూడు నెలల మన విజయమంతా కుడిచేతి విజయమే.

“ఏమప్పా, మీ లాకు కుడిచేతోళ్ళకేనా? మేం యాడికి పోవల్ల?” అన్నారామె.

“ఊరుకో అన్నా, ఎడంచేతోళ్ళు ఎంతమందుంటారు? రేపు సారు దండ తెస్తాండాడు,” అన్నారు మాబాషా గారు మెల్లగా.

ఏలీయా గారు తెగిన కాయ ముక్కలను ఏరి సంచిలో వేసుకొన్నారు. “ఆయమ్మకూ వేళ్ళు ఐదే గదప్పా. లారీ నిలబెట్టమని ఫోన్ చెయ్.”

మరునాడు దండ వచ్చింది గాని మెడ వంగలేదు.

“పేరు గూడ కొట్టించినాం గదప్పా!” అని మేనేజరు గారు వాపోయారు.

“పేరు ఆకురాయితో రుద్దితే పోతాది సార్. తెగిన వేలు అతకదు.”

అన్నమాట ప్రకారం పదకొండు రోజులు కూర్చుని, పన్నెండువందల పిడులపై తమ పేరును తామే అరగదీశారు. కీర్తిని ఇంత శ్రద్ధగా రుద్ది తుడిచినవారు మన ప్రాంతంలో అరుదు.

మరి పద్నాలుగు నెలలకు, పిడికి రెండువైపులా తలలు తేలిన ఒక అడ్డమేకుతో కొత్త తాళం పుట్టింది. ఏ చేతి పట్టుకూ అది సడలదు, ఏ చేతి బొటనవేలితోనైనా వెనక్కి లాగితేనే వదులుతుంది. లోకంలో దానిని మునుపెవరైనా కనిపెట్టి ఉండవచ్చు; పాణ్యానికి ఇవతల మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. వెంకటలక్ష్మమ్మ గారు పదిసార్లు కొట్టి చూసి, “నిలిచిందప్పా. ఆ కాయ ఈడ పెట్టిపో, కూరకొస్తాది,” అని ధ్రువీకరించారు. అంతకు మించిన ధ్రువపత్రం మన కర్మాగారానికి నేటివరకు రాలేదు. మళ్ళీ పేరు ముద్రిద్దామంటే ఏలీయా గారు ఒప్పుకోలేదు. పిడి ఖాళీగానే ఉంది.

ఎందరి వేళ్ళనో వారి వారి చేతులకే అట్టిపెట్టిన ఆ హస్తద్వయం, ఇకమీదట ఏ పనీ లేకుండా శ్రీమతి లూదియా గారు అందించే కాఫీగ్లాసును మాత్రమే పట్టుకొని, వణుకెరుగక నూరు సంవత్సరాలు నిండుగా ఉండాలని సహోద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము.