మందకు పూసిన రంగు

(ప్రొద్దుటూరు బస్టాండు. గొర్రెల కాపరి కాటమయ్య, తల స్కానింగు రిపోర్టు పట్టుకున్న అతని భార్య యశోద జమ్మలమడుగు బస్సు కోసం నిలబడి ఉన్నారు.)

“డాక్టరు డిప్రెషన్ అంటే, నువ్వు మబ్బుల దిక్కు చూస్తావేంది మామా?”

“టీవీలో డిప్రెషన్ అంటే వాన గదా యశోదా.”

“అది సముద్రంలోది. ఇది నీ తలకాయలోది.”

“అందుకేనేమో, అప్పుడప్పుడు కండ్లల్లోంచి ఉప్పునీళ్లు వస్తాంటాయి.”

“ఎకసెక్కాలు ఆపు. మాత్రలు ఎందుకు నిలిపేసినావ్?”

“మంద తోలేటోనికి మందెందుకు మే? మందేస్తే మందంగా నిద్ర. నేను పండుకుంటే గొర్రెలు ఎవరి శెనగ చేలోనో పడతాయి.”

“ఇది మూడోసారి. గండికోట కాడ ఒగసారి, మీయమ్మ పోయినప్పుడు ఒగసారి. బాగయిందని మాత్రలు నిలపడం, మళ్లీ కూలబడడం. అందుకే నిలపొద్దనె ఆయప్ప.”

“ఇంగోటి గూడా అనె. తలకాయలో గ్యాపకాల చోటు రోంత చిన్నగుందని. ఇనలేదా?”

“ఇన్యా. మళ్లీ మళ్లీ కుంగేటోళ్లలో శానామందికి అట్ల కనపడతాదంట. ఒక్క ఫోటో చూసి రేపు నీకేమయితాదో చెప్పలేమనె. అది నువ్వు ఇనలేదా?”

“ఇన్యా. గ్యాపకాల చోటే చిన్నదాయ, యాడ పెట్టుకునేది?”

“మామా.”

“తల వాల్చి గిర్రున తిరిగే గొర్రెను మనం ఏం జేస్తాం? కోతకు ఇస్తాం. కోసి చూస్తే మెదడులో నీళ్లబుడ్డ. దానికి ఎవడన్నా మాత్రలు తినిపించినాడా?”

“నీకు బుడ్డ లేదనె.”

“బుడ్డయితే కోసి తీద్దురు. చిన్నదయినదానికి యాడ అతుకేస్తారు?”

“నిన్ను కోతకు ఎవరు ఇస్తాండారు?”

“బస్సు ఇంగా రాలే. టీ తాగుదామా?”

“మొన్న మన గొర్రెలన్నిటికీ పులివెందులలో ఉండే నీ తమ్ముని మంద గుర్తు, ఆ ఎర్రరంగు, ఎందుకు పూసినావ్?”

“మన పచ్చరంగు అయిపోయింటే…”

“డబ్బా నిండుగా ఉండాది. చూసినా.”

“టీ వద్దులే అయితే.”

“నువ్వు ల్యాకుండా పోతే గొర్రెలు వానికే చెందాలని. అంతేనా? సచ్చిపోదామనుకున్యావా మామా?”

“మెల్లగా. జనం ఇంటాండారు.”

“ఇననీ. డాక్టరుకు చెప్పినావా?”

“ఆయప్ప ఫోటో చూస్తాండె. నన్ను యాడ చూసె?”

“పద. మళ్లీ పోదాం. ఈ మాట ఆయప్పకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.”

“అదిగో, మన బస్సొచ్చె.”

“పోనీ. ఇంగోటి వస్తాది.”

“సరే, పద… యశోదా.”

“ఏంది?”

“ఎర్రరంగు మీద పచ్చ పూస్తే నిలుస్తాదా?”